గ్రాఫీన్, బంగారు నానో కణాలతో డోపమైన్ సెన్సర్: పాలిషింగ్ నుంచి క్యాలిబ్రేషన్ దాకా

"గ్రాఫీన్ ఆక్సైడ్ వేశాం, బంగారం కూడా ఎక్కించాం, అయినా డోపమైన్ పీక్ ఒకరోజు వస్తే మర్నాడు రావట్లేదు." పరిశోధక విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. (డోపమైన్ మెదడులో సందేశాలు మోసే రసాయనం; పీక్ అంటే అది ఆక్సీకరణ చెందినప్పుడు కరెంటు గీతలో లేచే శిఖరం.) ఇందులో నానో పదార్థం తప్పు ఉండటం తక్కువ. అరిగిన పాలిషింగ్ గుడ్డ, లోపల బుడగ పట్టిన రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (వోల్టేజీ కొలతకు స్థిరమైన ప్రమాణంగా ఉండేది), నిన్న కలిపి వదిలేసిన డోపమైన్ ద్రావణం: దొంగ సాధారణంగా వీటిలోనే దొరుకుతాడు. అందుకే ఈ మార్గదర్శిలో పెద్ద భాగం నానో పదార్థం చేతికి రాకముందు చేసే పనికే పోయింది.

పని ఇది: 3 మి.మీ. వ్యాసమున్న గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్ మీద క్షయకరించిన (ఆక్సిజన్ గుంపులు చాలావరకు తీసేసిన) గ్రాఫీన్ ఆక్సైడ్ పొర, దాని మీద బంగారు నానో కణాలు. దాంతో ఆస్కార్బిక్ ఆమ్లం, యూరిక్ ఆమ్లం కలిసి ఉన్న చోట కూడా డోపమైన్‌ను విడిగా కొలవాలి. ఏ పూతా లేని ఎలక్ట్రోడ్ మీద ఈ మూడూ దగ్గర దగ్గర వోల్టేజీల్లోనే ఆక్సీకరణ చెంది ఒకే మూపురంలా కనిపిస్తాయి. పీహెచ్ 7.4 దగ్గర డోపమైన్‌కు ధనావేశం, మిగతా రెంటికీ రుణావేశం. క్షయకరణ తర్వాత కూడా గ్రాఫీన్ పొరలో కొన్ని ఆక్సిజన్ గుంపులు మిగిలి రుణావేశంతో ఉంటాయి కాబట్టి డోపమైన్‌ను దగ్గరికి లాగి, మిగతా రెంటిని కాస్త ఎడంగా ఉంచుతాయి. బంగారం ఎలక్ట్రాన్ బదిలీని వేగం చేస్తుంది.

## 1. మొదలుపెట్టే ముందు బల్ల మీద ఉండాల్సినవి

- పొటెన్షియోస్టాట్ (ఎలక్ట్రోడ్‌కు వోల్టేజీ ఇచ్చి కరెంటు కొలిచే పరికరం): సీవీ (సైక్లిక్ వోల్టామెట్రీ: వోల్టేజీని ఒక హద్దు దాకా తీసుకెళ్లి వెనక్కి తెస్తూ కొలవడం), డీపీవీ (డిఫరెన్షియల్ పల్స్ వోల్టామెట్రీ: వోల్టేజీని మెట్లుగా మారుస్తూ చిన్న పల్సులతో కొలవడం) రెండూ చేయగలిగేది
- గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్లు, 3 మి.మీ., కనీసం మూడు (ఒక్కదానితో వచ్చిన ఫలితం ఫలితం కాదు)
- 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ నింపిన సిల్వర్/సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ రెండు: ఒకటి వాడకానికి, ఒకటి సరిచూడటానికి
- ప్లాటినం తీగ (కరెంటు దారిని పూర్తిచేసే కౌంటర్ ఎలక్ట్రోడ్)
- 1.0, 0.3, 0.05 మైక్రాన్ల అల్యూమినా పొడి, ఒక్కో సైజుకు విడి పాలిషింగ్ గుడ్డ
- బాత్ సోనికేటర్, నైట్రోజన్ సిలిండర్, పీహెచ్ మీటర్
- 10, 100 మైక్రోలీటర్ల మైక్రోపిపెట్లు
- 18.2 మెగాఓమ్ నీరు (లవణాలు దాదాపు లేని అతిశుద్ధ నీరు). బజారులో దొరికే బ్యాటరీ నీరు దీనికి పనికిరాదు
- అంబర్ రంగు సీసాలు, లేకపోతే మామూలు సీసాలకు చుట్టే అల్యూమినియం ఫాయిల్

రిఫరెన్స్‌ను ఆ రోజే పరీక్షించండి. రెండింటినీ ఒకే పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ముంచి మల్టీమీటర్‌తో వాటి మధ్య తేడా చూడండి. 5 మిల్లీవోల్టులు దాటితే ఒకటి పాడైనట్టే. రెండింట్లో ఏది పాడైందో తెలియాలంటే మూడోది కావాలి. గొట్టం అడుగున బుడగ ఉంటే జ్వర థర్మామీటర్‌ను విదిలించినట్టు కిందికి ఒకసారి విదిలించండి. పని అయ్యాక దాన్ని నీళ్లలో వదిలేయకూడదు, 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లోనే నిలబెట్టాలి.

## 2. ద్రావణాలు

ఫాస్ఫేట్ బఫర్, 0.1 మోలార్, పీహెచ్ 7.4 (1 లీటరు): నిర్జల డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 10.99 గ్రా., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ డైహైడ్రేట్ 3.53 గ్రా. సుమారు 900 మి.లీ. నీటిలో కరిగించి, పీహెచ్ సరిచేసి, ఆ తర్వాతే లీటరుకు నింపండి. సీసా మీద ఎన్ని నీటి అణువులని రాసి ఉందో చూడకుండా తూకం వేయడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు. హైడ్రేట్ మారితే గ్రాములూ మారతాయి.

ఫెర్రిసయనైడ్ పరీక్ష ద్రావణం (100 మి.లీ.): పొటాషియం ఫెర్రిసయనైడ్ 0.165 గ్రా. (5 మిల్లీమోలార్), పొటాషియం క్లోరైడ్ 0.746 గ్రా. (0.1 మోలార్). వెలుతురు తగలకుండా ఉంచాలి.

డోపమైన్ స్టాక్, 10 మిల్లీమోలార్: డోపమైన్ హైడ్రోక్లోరైడ్ 19 మి.గ్రా. తూచి, 0.01 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 10 మి.లీ.కి చేయండి. నేరుగా బఫర్‌లో కలపొద్దు. తటస్థ ద్రావణంలో గాలి తగిలితే డోపమైన్ తనంతట తానే ఆక్సీకరణ చెందుతుంది. ముందు గులాబీ ఛాయ, తర్వాత గోధుమ, చివరికి నల్లటి మడ్డి. గులాబీ ఛాయ కంటికి కనిపించిందంటే ఆ స్టాక్‌ను పారబోయాల్సిందే. అంబర్ సీసాలో, ఐసు మీద పెట్టుకుని ఆ రోజుకు ఆ రోజు వాడండి.

ఆస్కార్బిక్ ఆమ్లం, 100 మిల్లీమోలార్: 176 మి.గ్రా., 10 మి.లీ. నీటిలో. దీనికి ఆయుష్షు గంటల్లోనే కాబట్టి కొలిచే ముందే కలపండి.

యూరిక్ ఆమ్లం, 5 మిల్లీమోలార్: మామూలు నీటిలో కరగదు. 8.4 మి.గ్రా. పొడిని 1 మి.లీ. 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో పూర్తిగా కరిగించి, నీటితో 10 మి.లీ. చేయండి. అడుగున తెల్లటి రేణువులు తిరుగుతుంటే గాఢత లెక్క తప్పినట్టే, మళ్లీ కలపండి.

బంగారం ద్రావణం: 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 1 మిల్లీమోలార్ క్లోరోఆరిక్ ఆమ్లం. ట్రైహైడ్రేట్ అయితే 10 మి.లీ.కి 3.94 మి.గ్రా. ఇది గాలిలో తేమ పీల్చి చూస్తుండగానే జిగురవుతుంది. అందుకని ఆంప్యూల్ తెరిచినప్పుడే మొత్తాన్నీ నీటిలో కరిగించి స్టాక్ చేసుకోవడం మేలు. స్టీలు గరిట పెట్టొద్దు, దాని మీదే బంగారం దిగిపోతుంది. ఆమ్లాన్ని నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో కాదు.

ఒక హెచ్చరిక: ఫెర్రిసయనైడ్ గాఢమైన ఆమ్లంతో కలిస్తే హైడ్రోజన్ సయనైడ్ వాయువు పుట్టవచ్చు. ఫెర్రిసయనైడ్, బంగారం ద్రావణాల వ్యర్థాలకు విడి సీసాలు పెట్టండి. ఒకదాని నుంచి ఇంకోదానికి మారేటప్పుడు ఎలక్ట్రోడ్‌ను బాగా కడగండి.

## 3. పాలిషింగ్

రోజువారీ పనికి 0.3 మైక్రాన్, తర్వాత 0.05 మైక్రాన్ చాలు. ఉపరితలం మీద గీత కనిపిస్తేనే 1.0 నుంచి మొదలుపెట్టండి.

1. గుడ్డ మీద చిటికెడు అల్యూమినా, నాలుగైదు చుక్కల నీరు వేయండి. పలుచని పాలలా ఉండాలి. ముద్దగా ఉంటే గీతలు పడతాయి.
2. ఎలక్ట్రోడ్‌ను నిట్టనిలువుగా పట్టుకుని, ఇంగ్లిష్ ఎనిమిది అంకె ఆకారంలో ఒకటి రెండు నిమిషాలు తిప్పండి. అర నిమిషానికోసారి చేతిలో పావు వంతు తిప్పి పట్టుకోండి. లేకపోతే ఒక పక్కే అరిగి ముఖం ఏటవాలవుతుంది.
3. నీటి ధారతో కడగండి.
4. ఇథనాల్‌లో 1 నిమిషం, నీటిలో 1 నిమిషం సోనికేట్ చేయండి. అంతకుమించి వద్దు. పది నిమిషాలు వదిలేస్తే కార్బన్‌కూ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగుకూ మధ్య సందు పడుతుంది. అందులోకి ద్రావణం దిగితే ఆ ఎలక్ట్రోడ్ ఇక కోలుకోదు.
5. ముఖాన్ని టిష్యూతో తుడవకుండా నైట్రోజన్ ఊది ఆరబెట్టండి.

ఆరాక వెలుతురుకు అడ్డంగా వంచి చూడండి. నల్లటి అద్దంలా ట్యూబులైటు ప్రతిబింబం అంచుల దాకా తెగకుండా కనిపించాలి. పలుచని తెల్లటి పొగలా ఏదైనా ఉంటే అది మిగిలిపోయిన అల్యూమినా, మళ్లీ సోనికేట్ చేయండి. 0.3 గుడ్డ మీద వాడిన ఎలక్ట్రోడ్‌ను కడగకుండా 0.05 గుడ్డ మీద పెడితే ఆ గుడ్డ కూడా 0.3 గుడ్డే అయిపోతుంది. ఈ ఒక్క పొరపాటు వల్ల ల్యాబులో అందరి ఎలక్ట్రోడ్లూ పాడవడం మామూలే.

## 4. ఫెర్రిసయనైడ్ పరీక్ష: ఇది దాటకుండా ముందుకు వెళ్లొద్దు

ఉపరితలం శుభ్రంగా ఉందో లేదో తేలడానికి పరీక్ష ద్రావణంలో సీవీ తీయండి: 0.6 నుంచి −0.2 వోల్టుల దాకా వెళ్లి వెనక్కి, స్కాన్ రేటు సెకనుకు 50 మిల్లీవోల్టులు.

రెండు విషయాలు చూడాలి. మొదటిది ఆక్సీకరణ, క్షయకరణ పీకుల మధ్య ఎడం. సిద్ధాంతం ప్రకారం 59 మిల్లీవోల్టులు, ఆచరణలో 80 లోపు ఉంటే మంచి ఉపరితలం. 100 దాటితే మళ్లీ పాలిషింగ్‌కే వెళ్లాలి.

రెండోది పీక్ ఎత్తు. దీన్ని చాలామంది పట్టించుకోరు. 3 మి.మీ. ఎలక్ట్రోడ్ వైశాల్యం 0.0707 చదరపు సెం.మీ. ఫెర్రిసయనైడ్ వ్యాపన గుణకాన్ని సెకనుకు 7.6 × 10⁻⁶ చదరపు సెం.మీ. అనుకుని, పీక్ కరెంటును లెక్కగట్టే ర్యాండిల్స్–సెవ్‌చిక్ సమీకరణంలో వేస్తే 5 మిల్లీమోలార్‌కు, 50 మిల్లీవోల్టుల స్కాన్ రేటుకు సుమారు 58 మైక్రోఆంపియర్లు వస్తుంది. మీకు 55–60 వస్తే నిశ్చింత. 40 వచ్చి ఎడం పెద్దగా ఉంటే ముఖం మురికి. 75 వచ్చిందంటే సంతోషించకండి: తొడుగు సందులోకి ద్రావణం దిగిందేమో, ద్రావణం ఆవిరై గాఢత పెరిగిందేమో చూడండి.

## 5. గ్రాఫీన్ ఆక్సైడ్ చుక్క

లీటరుకు 4 గ్రాముల గాఢతతో అమ్మే ద్రావణమైతే 1.25 మి.లీ. తీసుకుని నీటితో 10 మి.లీ. చేయండి. మి.లీ.కి 0.5 మి.గ్రా. అవుతుంది. 30 నిమిషాలు బాత్ సోనికేటర్‌లో ఉంచండి. నీళ్లు వేడెక్కితే మధ్యలో ఐసు వేయండి. ద్రావణం తేనె రంగులో, ముద్దలు లేకుండా ఉండాలి. పొడి కొన్నవాళ్లు మాస్కు పెట్టుకుని తూచండి.

ఎలక్ట్రోడ్‌ను తలకిందులుగా స్టాండుకు బిగించి, ముఖం నేలకు సమాంతరంగా ఉందో లేదో చూసుకోండి. 5 మైక్రోలీటర్ల చుక్కను సరిగ్గా మధ్యలో దించండి. పిపెట్ మొన ముఖానికి తగలకూడదు. చుక్క నల్లటి వృత్తమంతా పరుచుకుని, అంచు దగ్గరే ఆగాలి. ప్లాస్టిక్ మీదికి పొర్లితే తుడిచేసి, పాలిష్ చేసి మళ్లీ మొదలుపెట్టడమే. "కాస్తేగా" అని వదిలేస్తే పదార్థం ఎంత పడిందో లెక్క ఉండదు.

అసలు కష్టం ఆరబెట్టడంలో ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో చుక్క చకచకా ఆరిపోతుంది. అలా ఆరితే గ్రాఫీన్ అంతా అంచుకు కొట్టుకుపోయి, టీ గ్లాసు అడుగు మరకలా ఒక వలయం మిగులుతుంది, మధ్యలో కార్బన్ బోసిగా ఉంటుంది. ఏసీ గాలి నేరుగా తగిలినా ఇంతే. దీనికి మందు తేలిక: ఎలక్ట్రోడ్ మీద చిన్న బీకరు బోర్లించి, లోపల తడి టిష్యూ ముక్క పెట్టండి. ఒకటి రెండు గంటల్లో నెమ్మదిగా, సమంగా ఆరుతుంది. తొందరపడి హెయిర్ డ్రయ్యర్, ఇన్‌ఫ్రారెడ్ దీపం పెట్టొద్దు.

ఇప్పుడు ఫెర్రిసయనైడ్ పరీక్ష మళ్లీ చేస్తే పీకులు తగ్గి, ఎడం పెరగాలి. గ్రాఫీన్ ఆక్సైడ్ కరెంటును సరిగా పోనివ్వదు, పైగా రుణావేశం ఉన్న ఫెర్రిసయనైడ్‌ను తోసేస్తుంది. మార్పేమీ లేదంటే ఫిల్మ్ అతుక్కోలేదని అర్థం.

## 6. ఎలక్ట్రోడ్ మీదే క్షయకరణ

పీహెచ్ 7.4 బఫర్‌లో 15 నిమిషాలు నైట్రోజన్ పంపండి. తర్వాత సీవీ: 0 నుంచి −1.3 వోల్టులు, సెకనుకు 50 మిల్లీవోల్టులు, 15 చక్రాలు. కొలిచేంతసేపూ నైట్రోజన్ గొట్టం ద్రావణం పైన ఉండాలి, లోపల బుడగలు రాకూడదు.

మొదటి చక్రాన్ని తప్పకుండా తెర మీద చూడండి. −0.7 వోల్టులు దాటాక కరెంటు ఒక్కసారిగా కిందికి దిగి పెద్ద పీక్ ఏర్పడుతుంది. రెండో చక్రంలో అది చాలావరకు మాయమవుతుంది. మొదట వచ్చి తర్వాత రాకపోవడమే ఆక్సిజన్ గుంపులు పోయాయనడానికి గుర్తు. ప్రతి చక్రంలోనూ అదే ఎత్తులో వస్తుంటే మీరు చూస్తున్నది గ్రాఫీన్‌ను కాదు, ద్రావణంలో మిగిలిన ఆక్సిజన్‌ను. ఫిల్మ్ రంగు గోధుమ నుంచి నలుపుకు మారుతుంది.

ఇంకా బాగా క్షయకరించాలని −1.5 దాకా వెళ్తే హైడ్రోజన్ బుడగలు పుట్టి ఫిల్మ్‌ను కింది నుంచి లేపేస్తాయి. అదీగాక కొన్ని ఆక్సిజన్ గుంపులు మిగలడమే మనకు కావాలి, డోపమైన్‌ను లాగేది అవే.

## 7. బంగారం ఎక్కించడం

ఎలక్ట్రోడ్‌ను నీటితో కడిగి, నైట్రోజన్ పంపిన బంగారం ద్రావణంలో పెట్టి, −0.2 వోల్టుల దగ్గర 60 సెకన్లు ఉంచండి. కలపకూడదు, కదపకూడదు. బయటికి తీసి నెమ్మదిగా కడగండి. సీసా ధారను నేరుగా ముఖం మీద కొట్టొద్దు.

సాఫ్ట్‌వేర్ చూపే మొత్తం ఆవేశాన్ని ప్రతిసారీ రాసుకోండి. 60 సెకన్లు అందరికీ ఒకటే, కానీ ఫిల్మ్ మందం మారితే ఎక్కే బంగారం మారుతుంది. ఎలక్ట్రోడ్లన్నీ ఒకేలా రావాలంటే సమయాన్ని కాకుండా ఆవేశాన్ని సమానం చేయాలి. 120, 180 సెకన్లకు పొడిగిస్తే కణాలు లావెక్కి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడది నానో కణం కాదు, బంగారు పూత.

బంగారం నిజంగా ఎక్కిందా అని తెలియాలంటే 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 0 నుంచి 1.5 వోల్టుల సీవీ తీయండి. వెనక్కి వచ్చేటప్పుడు 0.9 వోల్టుల దగ్గర బంగారు ఆక్సైడ్ క్షయకరణ పీక్ కనపడాలి. కానీ అంత ఎత్తుకు వెళ్తే గ్రాఫీన్ మళ్లీ ఆక్సీకరణ చెందుతుంది. ఈ పరీక్షకు ఒక ఎలక్ట్రోడ్‌ను బలి ఇవ్వండి, కొలిచే ఎలక్ట్రోడ్ మీద చేయొద్దు.

## 8. డీపీవీ

10 మి.లీ. బఫర్‌లో ఈ సెట్టింగులతో మొదలుపెట్టండి:

- పరిధి: −0.2 నుంచి 0.6 వోల్టులు
- మెట్టు: 4 మిల్లీవోల్టులు
- పల్స్ ఎత్తు: 50 మిల్లీవోల్టులు
- పల్స్ వెడల్పు: 50 మిల్లీసెకన్లు
- పల్స్ వ్యవధి: 0.2 సెకన్లు

ఒక్కో స్కానుకు 40 సెకన్లు పడుతుంది. ముందు ఖాళీ బఫర్‌లో వరుసగా స్కాన్లు తీసి, గీత కదలకుండా ఒకే చోట నిలిచేదాకా ఆగండి. అది నిలవకముందే డోపమైన్ వేయడం వల్లే తొలి పాయింట్లు గీత మీద పడవు.

డోపమైన్ గ్రాఫీన్ మీద అంటుకుంటుంది. కాబట్టి వేశాక 60 సెకన్లు కలిపి, 10 సెకన్లు నిలకడగా ఉంచి స్కాన్ చేయండి. ఒకసారి 60 సెకన్లు, ఇంకోసారి ఫోను మాట్లాడుతూ మూడు నిమిషాలు అయితే ఆ రెండు పీకులకూ పోలికే లేదు. టైమర్ పెట్టుకోండి.

పీక్ 0.15–0.20 వోల్టుల ప్రాంతంలో రావాలి. బఫర్ పీహెచ్ ఒక యూనిట్ పెరిగితే అది దాదాపు 59 మిల్లీవోల్టులు ఎడమకు జరుగుతుంది. స్కాన్ అయ్యాక ఎలక్ట్రోడ్‌ను ఖాళీ బఫర్‌లో ఐదు చక్రాల సీవీతో కడగండి. డోపమైన్ ఆక్సీకరణ ఉత్పత్తులు ముఖం మీదే పాలిమర్‌గా పేరుకుని తర్వాతి పీకును తినేస్తాయి.

## 9. అడ్డు పదార్థాల పరీక్ష

మూడూ కలిపితే ఆస్కార్బిక్ 0 వోల్టుల దరిదాపున, తర్వాత డోపమైన్, యూరిక్ 0.3 దాటాక రావాలి. పీకులు విడిపోగానే పని అయిపోయిందనుకోవద్దు.

ఆక్సీకరణ చెందిన డోపమైన్‌ను ఆస్కార్బిక్ ఆమ్లం మళ్లీ డోపమైన్‌గా మార్చేస్తుంది. అదే అణువు రెండోసారి ఎలక్ట్రోడ్‌కు చేరి ఎలక్ట్రాన్లు ఇస్తుంది. దాంతో డోపమైన్ అంతే ఉన్నా పీక్ పెరుగుతుంది. అందుకే రెండు వైపుల నుంచీ చూడాలి:

- డోపమైన్ 10 మైక్రోమోలార్ దగ్గర ఆపి, ఆస్కార్బిక్‌ను 100 నుంచి 1,000 మైక్రోమోలార్ దాకా పెంచండి. డోపమైన్ పీక్ 5 శాతానికి మించి మారకూడదు.
- ఆస్కార్బిక్, యూరిక్ రెంటినీ స్థిరంగా ఉంచి డోపమైన్‌ను పెంచండి. ఈ గీత వాలు, డోపమైన్ ఒక్కటే ఉన్నప్పటి వాలు దాదాపు సమానంగా ఉండాలి.

రెండోది చాలా రిపోర్టుల్లో ఉంటుంది, మొదటిది తరచూ కనిపించదు. మొదటిదే కష్టం.

## 10. క్యాలిబ్రేషన్

10 మి.లీ. బఫర్‌లో 1 మిల్లీమోలార్ డోపమైన్‌ను 10 మైక్రోలీటర్లు వేస్తే 1 మైక్రోమోలార్ పెరుగుతుంది. మొత్తం వేసింది 500 మైక్రోలీటర్లకు చేరితే ఘనపరిమాణం 5 శాతం పెరిగినట్టు. లెక్కలో సరిచేయండి, లేదా పై గాఢతలకు 10 మిల్లీమోలార్ స్టాక్ వాడండి. గీత పైన వంగితే ముఖం నిండిపోయిందని అర్థం. ఆ పాయింట్లను బలవంతంగా సరళరేఖలో ఇరికించొద్దు.

గుర్తింపు హద్దు = 3 × ఖాళీ బఫర్ ప్రామాణిక విచలనం ÷ వాలు. పది ఖాళీ స్కాన్లు తీయండి. విచలనం 0.02 మైక్రోఆంపియర్లు, వాలు మైక్రోమోలార్‌కు 0.8 మైక్రోఆంపియర్లు అనుకుంటే హద్దు 0.075 మైక్రోమోలార్. మీ అతి తక్కువ పాయింటు 1 మైక్రోమోలార్ అయి ఉండి హద్దు 0.001 అని లెక్క వస్తే నమ్మకండి. ఆ హద్దు దగ్గరి గాఢతను నిజంగా వేసి, పీక్ కనిపిస్తుందో లేదో చూడండి.

ఒకే ఎలక్ట్రోడ్ మీద పదిసార్లు కొలవడం వేరు, ఐదు ఎలక్ట్రోడ్లు విడివిడిగా తయారుచేసి కొలవడం వేరు. రెండు అంకెలూ విడిగా రాయండి.

## 11. లక్షణం చూసి తప్పు పట్టడం

- అన్ని పీకులూ ఒకే పక్కకు, ఒకే మేర జరిగాయి: రిఫరెన్స్. ఇంకేదీ ముట్టుకోకముందు దాన్ని మార్చండి.
- గీత నిండా సన్నటి అల: 50 హెర్ట్జ్ కరెంటు రొద. మాగ్నెటిక్ స్టిర్రర్ ఆపండి, తుప్పు పట్టిన క్లిప్పులు గీకండి, సెల్ చుట్టూ ఎర్త్ చేసిన లోహపు డబ్బా పెట్టండి.
- అసలు కరెంటే లేదు: రిఫరెన్స్ అడుగున గాలి బుడగ, లేదా క్లిప్ ఊడింది.
- పీక్ స్కానుకు స్కానుకు తగ్గుతోంది: మురికి పేరుకుంటోంది. గాఢత తగ్గించి, మధ్యలో కడిగే చక్రాలు పెంచండి.
- బేస్‌లైన్ ఏనుగులా ఉంది, పీక్ ఎలుకలా ఉంది: గ్రాఫీన్ ఎక్కువైంది. మి.లీ.కి 0.25 మి.గ్రా.కు దించండి.
- నల్లటి రేకులు ద్రావణంలో తేలుతున్నాయి: ఫిల్మ్ ఊడుతోంది. పాలిషింగ్ లోపం, లేదా క్షయకరణలో బుడగలు.

## 12. అసలు నమూనా

మొదటి నమూనాగా డోపమైన్ ఇంజెక్షన్ తీసుకోండి. మి.లీ.కి 40 మి.గ్రా. ఆంప్యూల్ అంటే 211 మిల్లీమోలార్. 47.4 మైక్రోలీటర్లు తీసి 10 మి.లీ. చేస్తే 1 మిల్లీమోలార్. ఆంప్యూల్ మీద రాసిన మోతాదుతో మీ జవాబు పోల్చుకోవచ్చు.

మూత్రాన్ని బఫర్‌తో 50 నుంచి 100 రెట్లు పలుచన చేసి, తెలిసినంత డోపమైన్ కలిపి, తిరిగి ఎంత దొరికిందో చూడండి. 95–105 శాతం మంచిది. మనిషి నమూనాలు వాడే ముందు సంస్థలోని ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి, గ్లవుజులు తప్పనిసరి. ఆరోగ్యవంతుల రక్తంలో స్వేచ్ఛగా తిరిగే డోపమైన్ నానోమోలార్ కంటే తక్కువ. మైక్రోమోలార్ హద్దున్న సెన్సర్‌తో "సీరంలో డోపమైన్ కనుగొన్నాం" అని రాయకూడదు. "కలిపిన డోపమైన్ తిరిగి దొరికింది" అనే రాయాలి.

## 13. పని ముగిశాక

కొలిచిన ఎలక్ట్రోడ్‌ను మర్నాడు కూడా వాడాలంటే కడిగి, పొడిగా ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో 4 డిగ్రీల దగ్గర ఉంచండి. ఉదయం మొదట ఒక తెలిసిన గాఢతకు పీక్ తీయండి. నిన్నటి విలువలో 90 శాతం కంటే తగ్గితే ఫిల్మ్ తీసేయాలి. ఇథనాల్‌లో 1 నిమిషం సోనికేట్ చేసి, పాత గుడ్డ మీద 1.0 మైక్రాన్‌తో నలుపంతా పోయేదాకా రుద్దండి. ఆ గుడ్డకు "బంగారం" అని పేరు రాసి విడిగా పెట్టండి. దాన్ని ఇక మామూలు పాలిషింగ్‌కు వాడొద్దు. తర్వాత 0.3, 0.05, ఫెర్రిసయనైడ్ పరీక్ష: పీక్ 58 మైక్రోఆంపియర్ల దగ్గరికి తిరిగి వచ్చిందో లేదో చూడండి.